కోల్డ్ స్టోరు వీసా మీద వచ్చిన బాబాయి

బహ్రెయిన్‌లోని గుదైబియాలో మాది చిన్న ట్రావెల్స్ ఆఫీసు. ఒక కౌంటరు, రెండు కుర్చీలు, గోడకి మంచుకొండల పోస్టరు ఒకటి. పోయిన గురువారం ఒకతను వచ్చి ఆ పోస్టరు వంక చూస్తూ జార్జియా టూరు గురించి అడిగాడు. అక్కడ మంచులో రోజంతా నడిపిస్తారు, చలికి తట్టుకోగలవా అన్నాను. "నేను చేసేదే కోల్డ్ స్టోరుల సార్, నాకేం చలి!" అని తన జోకుకి తనే పడీపడీ నవ్వాడు.

ఈ జోకు బహ్రెయిన్‌లో ప్రతివాడూ తానే కనిపెట్టాననుకుంటాడు. మామూలుగా వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాను. అతను కాస్త భయపడ్డాడు కూడా. పాపం, ఆ మాటని నిజంగానే నమ్మి విమానం ఎక్కిన మనిషి ఒకాయన ఉండేవాడని అతనికేం తెలుసు!

సంగతేమిటంటే, ఈ దేశంలో కోల్డ్ స్టోరు అంటే వీధి చివర ఉండే కిరాణా కొట్టు. పాలు, గుడ్లు, ఉల్లిపాయలు, రొట్టెలు, ఫోను కార్డులు అమ్మే కొట్టు. దానికి ఆ పేరెందుకు వచ్చిందని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు. వచ్చిన వారానికి అందరికీ తెలిసిపోతుంది. రాకముందు తెలియదు, అదే చిక్కు.

బాబాయిది నరసరావుపేట దగ్గర ఒక పల్లె. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోసేవాడు. బయట మాడిపోయే ఎండ, లోపల పళ్ళు టకటకలాడే చలి. ఏజెంటు "బహ్రెయిన్‌లో కోల్డ్ స్టోరు వీసా ఉంది" అనగానే, ఇంకేముంది, మనకి చేతనైన పనేగా అనుకున్నాడు. ఆ చలికాలంలోనే మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్ళి రోడ్డు పక్కన నేపాలీవాళ్ళ దగ్గర స్వెట్టరు, మంకీ క్యాపు, ఊలు చేతి తొడుగులు కొన్నారు. పరాయి దేశపు చలి మనదానికంటే గట్టిగా ఉండిద్దని వాళ్ళావిడ అన్నిట్లోకీ మందమైనది ఏరి మరీ కొనిపించిందట. తీరా వీసా వచ్చేసరికి రోహిణి కార్తె. స్వెట్టరు పెట్టెలో పట్టలేదు, ఒంటి మీద వేసుకుని ముహర్రక్‌లో దిగాడు.

వీసా ఇచ్చిన కఫీలు, అంటే కొట్టు యజమాని అయిన పెద్దాయన, విమానాశ్రయం బయట కాచుకుని ఉన్నాడు. మంకీ క్యాపులోంచి చెమటలు ధారలు కడుతున్న ఈ మనిషిని చూసి, విపరీతమైన జ్వరమనుకుని తిన్నగా ఆస్పత్రికి పట్టుకుపోయాడు. డాక్టరు స్వెట్టరు విప్పించి, ఇతనికి ఏ రోగమూ లేదు, బట్టలే రోగం అన్నాడట. ఈ కథ నాకు చెప్పింది బాబాయే. కొట్టులోకి కొత్తగా ఎవరొచ్చినా చెప్పేవాడు. జనం నవ్వే లోపల తనే ముందు నవ్వేసేవాడు.

మా సిరిసిల్లలో అయితే అట్లాంటి పెద్దమనిషిని కాకా అంటాం. కానీ ఆ వీధి వీధంతా ఆయన్ని బాబాయ్ అనేది. పక్క లాండ్రీ బెంగాలీ అయితే "బాబాయ్ భాయ్" అనేవాడు. నేనొక్కణ్ణీ కాకా అని ఏం ఉద్ధరిస్తాను, నేనూ బాబాయ్ అనే అన్నాను. నాకు జుట్టు సగం నెరిసినా ఆయనకి నేను 'అబ్బాయ్'నే.

బాబాయి నోట 'లేదు' అన్న మాట వచ్చేది కాదు. ఏదడిగినా "వస్తంది అబ్బాయ్, దారిలో ఉంది" అనేవాడు. గోంగూర ఉందా? వస్తంది. సకినాలున్నాయా? దారిలో ఉన్నయ్. ఒకసారి నాకు విసుగెత్తి, "పడవ ఉన్నదా బాబాయ్?" అన్నాను.

"ఎంత సైజుది అబ్బాయ్?" అన్నాడు, ఉల్లిపాయలు తూస్తూ.

ఎందుకయ్యా ఈ అబద్ధాలు అని పోట్లాడితే చెప్పాడు. "లేదంటే మడిసి మొహం ఎట్టా అయిపోద్దో చూశావా? దాన్ని చూట్టం నా వల్ల కాదు." అంతే, అందులో వ్యాపార రహస్యమేమీ లేదు.

ఇంకో రెండు గుణాలు చెప్పాలి. మొదటిది గొంతు. ఎదురుగా ఉన్న మనిషితో కూడా పక్క ఊరి వాడితో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. ఒకప్పుడు ఫోన్లో సగం మాటలే వినపడే రోజుల్లో అలవాటైన అరుపు, ఫోన్లు బాగుపడ్డా గొంతు బాగుపడలేదు. రెండోది నడక. నీళ్ళ సీసాలూ రొట్టెలూ పట్టుకుని రోజంతా ఫ్లాట్ల మెట్లు ఎక్కి దిగే కాళ్ళు కదా, తీరిగ్గా నడవడం వాటికి రాదు. శుక్రవారాలు కూరగాయలకి ఇద్దరం జిదాఫ్స్ మార్కెట్టుకి పోయేవాళ్ళం. నాతో వచ్చానన్న మాటే గానీ ఆయన ఎప్పుడూ పది బారలు ముందు. వెనక్కి చూడడు. కుడి చెయ్యి మాత్రం వీపు వెనక పెట్టి, అరచేయి ఊపుతూ రా రా అంటుంటాడు. మాట్లాడేదీ ముందుకే. వెనకున్న నాకు సగమే అందేది. "ఓ బాబాయ్, నీ వీపుతోని ముచ్చట పెట్టుడు నా వల్ల కాదు" అని ఎన్నిసార్లు కోప్పడ్డానో! అప్పుడొకసారి ఆగేవాడు, మళ్ళీ మామూలే.

వాళ్ళావిడ రోజూ ఫోను చేసేది. కొట్టులో అందరికీ వినపడేట్టు స్పీకరు పెట్టేవాడు. ఆమె మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"ఏమయ్యా, చలెట్టా ఉంది?"

"గడ్డకట్టి చస్తన్నా!" అని అరిచేవాడు బాబాయి, మెడ చుట్టూ తువ్వాలు పిండుకుంటూ. కొన్నవాళ్ళూ కొనబోయేవాళ్ళూ అందరం నవ్వేవాళ్ళం. కూతురికి పెళ్ళయింది, మనవడు పుట్టాడు, ఆమె సొంతంగా రెండు గేదెల్ని కొని పాలు పోస్తోంది. ఇవన్నీ ఆ స్పీకరులోనే తెలిశాయి మాకు.

అట్లాంటి మనిషి ఒకరోజు, గుడ్లు కావాలన్న ఆడమనిషితో "లేవమ్మా" అన్నాడు. వెనక అరలో గుడ్ల అట్టలు పేర్చి ఉన్నాయి. ఆమె వెళ్ళాక, ఏమైందని గట్టిగా అడిగాను.

కఫీలుకి ఒంట్లో బాగుండటం లేదు. కొట్టు కొడుకుల చేతికి ఇస్తున్నాడు. నీ వీసా మళ్ళీ పొడిగించమంటావా, ఖలాస్ చేసి ఇంటికి పోతావా, నీ ఇష్టం, ఆలోచించి చెప్పమన్నాడు. బాబాయి ఎగిరి గంతేసి ఆ రోజే ఇంటికి ఫోను చేసి "వచ్చేస్తన్నానే, ఇంక వచ్చేస్తన్నా!" అన్నాడు. అటునుంచి ఆమె అంది: "వచ్చి ఏం చేస్తావయ్యా? నువ్వక్కడ, నేనిక్కడ. బానే అలవాటు పడ్డాంగా."

"తిట్టినా బాగుండేది అబ్బాయ్" అన్నాడు బాబాయి. "తిట్టలా. నిమ్మళంగా చెప్పింది."

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా ఆఫీసుకి వచ్చి గోడ మీద పోస్టరు చూపించి, దాన్లోకి ఇద్దరికి టికెట్లు కొట్టమన్నాడు. నేను తెల్లబోయాను.

"ఇన్నేళ్ళూ చలెట్టా ఉందని అడిగింది గదా. ఒక్కసారి చూపిస్తా రమ్మన్నా. నవ్వింది. నవ్వి, సరే వస్తానంది."

"గదేమన్న పార్కా బాబాయ్? కొండలు! మంచుల గంటలకొద్ది నడవాలె. పిన్ని ఎట్ల నడుస్తది?"

"అదంతా నాకొదిలెయ్. నేను ముందు పోతా, తను నా వెనకాల వచ్చిద్ది."

నా మొహం! ఆయనకేదన్నా చెప్పి ఒప్పించినవాడు గుదైబియాలో లేడు. వీసాలు నేనే దగ్గరుండి చేయించాను. మరికొందరు మనవాళ్ళు కూడా వచ్చే ఆ టూరుకి ఆఫీసు తరఫున తోడుగా వెళ్ళాల్సింది కూడా నేనే.

పిన్ని వచ్చి మా ఇంట్లోనే దిగింది. బాబాయి ఉండే గదిలో మరో నలుగురు మగవాళ్ళున్నారు మరి. సన్నగా, చురుకైన కళ్ళతో, మాట తూచినట్టు మాట్లాడే మనిషి. మా ఆవిడతో ఒక్కపూటలో కలిసిపోయింది. బయల్దేరే రోజు పొద్దున్న, బాబాయి వచ్చి హాల్లో టిఫిను తింటుంటే, టీ తాగుతూ నాతో అసలు సంగతి చెప్పింది.

"ఈయన చెడ్డోడంటే కళ్ళు పోతయ్ బాబూ. కానీ నాకు ఈయన తెలవదు. సెలవుకి చుట్టంలాగా వస్తాడు. కోడిని కోస్తాం, గారెలొండుతాం, పోతాడు. ఇప్పుడా చుట్టం ఇంక పోనంటన్నాడు. నాకు గుబులుగా ఉండదా? ఈ మూడు రోజులూ చూస్తా. పొసిగిద్దనిపిస్తే రమ్మంటా. లేదంటే ఇక్కడే ఉండమంటా. రోజూ పోట్లాడుకుని చచ్చేకన్నా అదే నయం."

"బాబాయికి ఎరికేనా పిన్నీ?"

"మొహం మీదే చెప్పా. అందుకేగా అంత మెల్లగా తింటన్నాడు."

మొగుడూ పెళ్ళాల మధ్య టూరు మేనేజరు పని నాకెందుకు పెట్టావు దేవుడా అనుకున్నాను.

మొదటి రోజు చూస్తే ఆశలు లేవు. విమానాశ్రయంలో బాబాయి ముందు, ఆమె వెనక. కొండ మీది ఆ చిన్న ఊళ్ళో వ్యాను దిగి హోటలుకి నడవాలి. రోడ్డుకి రెండు పక్కలా నడుమెత్తు మంచు. బాబాయి చెయ్యి వెనక పెట్టి అరచేయి ఊపుకుంటూ, ఏదో అరుచుకుంటూ పోతున్నాడు. పిన్ని రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఆయన హోటలు తలుపు దాకా పోయి గానీ వెనక్కి తిరిగి చూడలేదు. అక్కడినుంచి "రావేం?" అని ఒక కేక! ఆమె నన్ను చూసి "చూశావుగా" అంది. అంతే అంది. ఆయన పక్కకి పోయి నాలుగు దులిపేద్దామనిపించింది నాకు.

మర్నాడు నడక. మమ్మల్ని తీసుకెళ్ళే గైడు అక్కడి ఆవిడే, యాభై దాటి ఉంటుంది, ఎర్ర టోపీ పెట్టుకుని మా స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌లా ఉంది. మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద వెడల్పాటి చట్రాలు కట్టించింది. తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో నియమాలు చెప్పింది, నేను తెలుగులో చెప్పాను. అందరూ ఒకే వరసలో నడవాలి. ముందువాళ్ళ అడుగుల్లోనే అడుగులు వెయ్యాలి. ఎవరూ ఎవర్నీ దాటకూడదు. అడవిలో కేకలు వెయ్యకూడదు. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు తన వెనకే మొదట ఉండాలి. వరస వాళ్ళ నడకతో నడుస్తుంది.

ఆవిడ మమ్మల్నందర్నీ ఒకసారి ఎగాదిగా చూసి పిన్నిని చెయ్యి పట్టుకుని తన వెనక నిలబెట్టింది.

"నేను ముందు పోయి దారి చూస్తా అని చెప్పు అబ్బాయ్" అన్నాడు బాబాయి.

చెప్పాను. "దారి చూడటానికి నేనున్నాను. అతను భార్య వెనక నడవాలి. గొంతు తగ్గించమను" అంది గైడు. ఈ మాట తెలుగు చెయ్యడంలో నేను ఒక్క అక్షరం కూడా పోనివ్వలేదు. పిన్ని మఫ్లరు లోపల నవ్వడం కనిపించింది.

అట్లా బయల్దేరాం. గైడు, పిన్ని, బాబాయి, నేను, నా వెనక మిగతావాళ్ళు. మంచు మోసి మోసి కొమ్మలు నేలకి వంగిన చెట్లు. ఎంత దూరం చూసినా ఒక ఇల్లు లేదు, ఒక పొగ లేదు. కాళ్ళ కింద కరకర చప్పుడు ఒక్కటే, అందరూ కలిసి చేగోడీలు నములుతున్నట్టు. బాబాయికి ఆ నడక చేతకాలేదు. రెండుసార్లు పిన్ని మడమ తొక్కాడు. రెండోసారి ఆమె తూలిపడబోయింది, గైడు గుడ్లురిమింది. పక్కనించి దాటిపోవడానికి అడుగు బయట వేసి తొడ దాకా దిగబడ్డాడు. నేనూ ఇంకొకతనూ కలిసి పీకాం. ఇహ చేసేదిలేక ఆమె వెనక ఒద్దిగ్గా నడవడం మొదలుపెట్టాడు.

కాసేపటికి చూస్తే, తల వంచుకుని పిన్ని కాళ్ళవంకే చూస్తున్నాడు.

"ఏమే" అన్నాడు.

ఇన్నేళ్ళలో బాబాయికి అంత చిన్న గొంతు ఉందని నాకు తెలియదు.

"ఏమే, ఆ ఎడం కాలేంది, ఈడుస్తన్నావ్?"

"గేదె తన్నింది" అంది పిన్ని వెనక్కి తిరక్కుండా.

"ఎప్పుడు?"

"చాన్నాళ్ళయింది."

"నాకు చెప్పలేదే?"

"చెబితే ఏం చేస్తావ్, ఫోన్లో అరుస్తావ్. ఫోన్లో కాలు కనపడుద్దా?"

"మొన్న సెలవుకొచ్చినప్పుడు కూడా చూళ్ళేదే నేను."

"ఎట్టా చూస్తావయ్యా? నువ్వు ముందు పోతావుగా."

వినకూడని మాట విన్నట్టయింది నాకు. కాస్త వెనక్కి తగ్గుదామంటే వరస తప్పకూడదని నియమం. పిన్ని అడుగుల్లో కుడి కాలిది గుండ్రంగా దిగి ఉంది, ఎడం కాలిది ఒక గీత లాగా పడి ఉంది. ఆ గీతల్లో కాలు పెట్టడానికి బాబాయి ప్రతిసారీ తడుముకుంటున్నాడు. పెళ్ళాం నడక ఆయన చూడ్డం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఎత్తు ఎక్కేచోట ఆమె ఆయాసంతో ఆగింది. ఆమెతో పాటు అందరం ఆగాం. కాసేపు ఊపిరి పీల్చుకుని, ఈసారి బాబాయి వైపు తిరిగింది.

"ఒకటి అడుగుతా చెప్పు. రోజూ ఫోను పెట్టేసేముందు ఏమంటావ్?"

"ఏమంటా..." ఆయన తికమకపడ్డాడు. "ఉంటా మరి, అంటా."

"ఆ. ఉంటా అంటావ్, పెట్టేస్తావ్. ఇన్నేళ్ళుగా రోజూ ఉంటా, ఉంటా అంటానే ఉన్నావ్. ఎప్పుడన్నా ఉన్నావా?"

మనమందరం అనే మాటే అది. నేను రోజుకి ఇరవైసార్లు అంటాను, మా అమ్మతో, కస్టమర్లతో, అప్పులవాళ్ళతో. ఫోను పెట్టేయడానికి అదొక మర్యాద, అంతకుమించి అందులో ఏముందో ఎవరు విన్నారు? ఈమె విన్నది. రోజూ విన్నది.

ఇప్పుడు బాబాయి ఏదో ఒకటి అనేస్తాడనుకున్నాను. పడవ అడిగితే సైజు అడిగిన మనిషి కదా! మంచు వంక చూశాడు, ఆమె కాలి వంక చూశాడు.

"ఉండలా" అన్నాడు చివరికి. "ఉండటం నాకు రాదే."

ఆమె ముందుకి తిరిగి నడిచింది.

దారి రెండుగా చీలిన చోట గైడు ఆపింది. అలిసినవాళ్ళు ఇక్కడినుంచి దిగి వ్యాను దగ్గరికి పోవచ్చు, మిగతావాళ్ళం పైన కొయ్య గుడిసె దాకా పోయి టీ తాగి వస్తాం అంది. "పిన్నీ, కాలు నొప్పైతే దిగిపోదాం, ఏం ఫికరు లేదు" అన్నాను. బాబాయి నోరు తెరిచాడు. ఆయన ఏమంటాడో నాకు తెలుసు, అలవాటు కొద్దీ "పద పద" అంటాడు. తెరిచిన నోరు తనే మూసుకున్నాడు. ఆమె దాన్ని చూసింది.

"నువ్వేమంటావయ్యా?" అంది.

"నువ్వు నడిస్తే నడుస్తా. కూకుంటే కూకుంటా."

ఆమె రెండు దార్లనూ తేరిపార చూసి "పైకే పోదాం" అంది.

గుడిసెలో పొయ్యి దగ్గర కూర్చోబెట్టి గైడు అందరికీ టీ ఇచ్చింది, పాలు లేని టీ. బాబాయి తన గ్లాసు పక్కన పెట్టి, పిన్ని ఎడమ బూటు విప్పి, ఆ కాలు పొయ్యి వైపు పెట్టి, మడమ నొక్కుతూ కూర్చున్నాడు. ఆమె వద్దనలేదు. అట్లాగని మురిసిపోనూ లేదు. మేమంతా గోడల వంక చూస్తూ టీ తాగాం.

దిగేటప్పుడు మళ్ళీ అదే వరస. దిగడం ఆమెకి ఎక్కడం కంటే కష్టంగా ఉంది. వెనకనించి బాబాయి "కుడి వైపు గట్టిగా ఉంది చూడు", "ఆగు, తొందరేం లేదు" అంటున్నాడు, నాకు కూడా సరిగా వినపడని గొంతుతో. సగం దూరం వచ్చాం. ఆమె తను అవుననేదీ కాదనేదీ చెప్పనే లేదు. రేపు తిరుగు విమానం. నాకైతే అడగడానికి ధైర్యం లేదు.

అప్పుడు పిన్ని, మంచు వంకే చూసి నడుస్తూ, మామూలుగా అంది.

"ముందు గదిలో రెండో మంచం నవారు చీకిపోయింది."

బాబాయి ఆమె అడుగులోనే అడుగు వేశాడు.

"నువ్వొచ్చేలోపు మార్పించాలి. ఓ నెల టైమియ్యి."

బాబాయి ఆగిపోయాడు. ఆయన వెనక నేను, నా వెనక అందరూ ఆగిపోయాం. గైడు వెనక్కి తిరిగి చూసింది. లావుపాటి చేతి తొడుగుతో మొహం తుడుచుకుంటున్న మనిషిని చూసి కంగారుగా దగ్గరికొచ్చి, ఇతనికేమైంది, కళ్ళకి చలిగాలి కొట్టిందా, ఆమె ఏమంది అని నన్నడిగింది.

ఎట్లా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇంట్లో మంచం బాగుచేయిస్తానంది."

ఆవిడ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. మీ దేశంలో మంచాలకి ఇంత కరువా అన్నట్టు తల ఊపి, ముందుకి వెళ్ళి తన చోట నిలబడింది. వరస కదిలింది. గైడు వెనక పిన్ని, పిన్ని వెనక బాబాయి. వెనకున్నవాళ్ళు "ఏంది సార్, పోదాం పాండ్రి" అని నెట్టేదాకా నేను మాత్రం కదల్లేదు.